వందల పేపర్లు, మూడే రోజులు: పెద్ద టెక్నికల్ కాన్ఫరెన్స్‌లో సెషన్ల తీరు మార్చడం ఎలా?

మధ్యాహ్నం మూడున్నర. 400 కుర్చీల హాల్లో ఓ అరవై మంది. వాళ్లలో సగానికి పైగా ముఖాల మీద ల్యాప్‌టాప్ వెలుగు. వేదిక మీద వక్త 34వ స్లైడు దగ్గరున్నారు. సెషన్ నడిపించే చైర్ ‘2 నిమిషాలు’ అని రాసిన అట్ట ఎత్తి చూపి అప్పటికే నాలుగు నిమిషాలైంది. చివరికి చైర్ లేచి, "సారీ, ప్రశ్నలకు టైమ్ లేదు, బయట మాట్లాడుకోండి" అన్నారు. వక్త మూడేళ్ల పని అంతటితో సరి. తర్వాత వరండాలో ఇద్దరు ఆయన్ని ఆపి, ఓ కాగితం వెనకాల బొమ్మ గీయించుకుని, పది నిమిషాల్లో విషయమంతా రాబట్టారు.

ఆ చైర్‌ని నేనే. హాల్లో జరగాల్సిన పని వరండాలో జరగడం చూసి సిగ్గేసింది. అప్పటినుంచి ప్రోగ్రామ్ కమిటీలో కూర్చున్న ప్రతిసారీ ఒకటే అడుగుతున్నాను: పరిశోధన పేపర్ని ఎవరి ఇంట్లో వాళ్లు చదువుకోవచ్చు, వీడియో ఎప్పుడైనా చూడొచ్చు. ఇంతమందిని ఒకచోటికి రప్పించాక, ఒకచోట ఉంటేనే కుదిరే పనికి మనం ఎన్ని నిమిషాలు ఇస్తున్నాం? మీరు ప్రోగ్రామ్ కమిటీలో ఉన్నా, ఒక్క ట్రాక్ (ఒకే అంశం మీది సెషన్ల వరస) చూసుకునేవారైనా ఈ కింది వరసలో పని మొదలుపెట్టొచ్చు. కాన్ఫరెన్స్‌కి కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. కాల్ ఫర్ పేపర్స్ (పేపర్లు పంపమనే ప్రకటన) బయటికి వెళ్లాక చాలా నిర్ణయాలు చేయి దాటిపోతాయి.

1. స్టాప్‌వాచ్ పట్టుకోండి

పోయినసారి సెషన్ల వీడియోలు ఉంటాయి కదా. వాటిలోంచి ఏవో మూడు తీయండి. పక్కన కాగితం పెట్టుకుని ఏ నిమిషం దేనికి పోయిందో రాయండి. నేను అలా చూసిన ఒక 15 నిమిషాల స్లాట్ లెక్క ఇది.

ల్యాప్‌టాప్ తగిలించి, ప్రొజెక్టర్‌లో బొమ్మ వచ్చేదాకా 1 నిమిషం 20 సెకన్లు. పేపర్ పేరు, ఏడుగురు రచయితల పేర్లు చైర్ చదవడానికి 40 సెకన్లు. అదే పేరు, అవే ఏడు పేర్లు ఉన్న స్లైడుని వక్త మళ్లీ చదవడానికి 30 సెకన్లు. ‘ముందు పరిచయం, తర్వాత గత పరిశోధనలు, ఆపైన మా పద్ధతి, చివర్లో ముగింపు’ అనే విషయసూచిక స్లైడుకి 35 సెకన్లు. (ముగింపు చివర్లో ఉంటుందని తెలియని శ్రోత నాకు ఇంతవరకూ తారసపడలేదు.) నేపథ్యానికి నాలుగు నిమిషాలు. అంటే వక్త తన సొంత పని గురించి నోరు విప్పేసరికి 7 నిమిషాల 5 సెకన్లు అయిపోయాయి. ఆ తర్వాత పద్ధతికి ఐదు నిమిషాలు, ఫలితాలకు రెండున్నర. మిగిలిన 25 సెకన్లు ధన్యవాదాలకు సరిపోయాయి. ప్రశ్నలకు సున్నా.

ఇలాంటి కాగితాలు మూడు కమిటీ మీటింగ్‌లో టేబుల్ మీద పెట్టండి. మార్పు ఎందుకని ఎవరూ వాదించరు. ‘వక్తలు బాగా ప్రిపేర్ అయి రావాలి’ అని మాత్రం ఎవరో ఒకరు అంటారు. కాగితం మళ్లీ చూపించండి. పోయిన నిమిషాల్లో మొదటి రెండూ నిర్వాహకుల ఖాతాలోవే.

2. గదుల లెక్క వేయండి

మీ దగ్గర 600 పేపర్లు ఉన్నాయనుకుందాం. అందరికీ సమానంగా 15 నిమిషాలు ఇస్తే మొత్తం 150 గంటలు. మూడు రోజులు, రోజుకి ఆరు గంటల సెషన్లు అంటే ఒక్కో గదికి 18 గంటలు. కాబట్టి తొమ్మిది గదులు ఒకేసారి నడవాలి. ఇప్పుడు శ్రోత వైపు నుంచి చూడండి. ఒక మనిషి మూడు రోజులూ లేవకుండా కూర్చున్నా వినగలిగేవి 72. అంటే నూటికి 12. మిగతా 88 శాతం ఆ మనిషికి జరగనట్టే లెక్క. పైగా తనకి కావలసిన రెండు ప్రసంగాలు ఒకే సమయానికి వేరే గదుల్లో పడతాయి. ఇది ప్రతి కాన్ఫరెన్స్‌లోనూ వినే గోలే.

అందరికీ సమానంగా పంచితే న్యాయం చేసినట్టు ఉంటుంది. కానీ ఆ పంపకంలో ఎవరికీ చాలినంత అందదు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ వారి మార్చ్ మీటింగ్‌కి పది వేలకు పైగా వచ్చేవారు (2025లో అది గ్లోబల్ ఫిజిక్స్ సమ్మిట్‌లో భాగమైంది). అక్కడ సాధారణ ప్రసంగానికి ఎప్పటినుంచో 10 నిమిషాలు, ప్రశ్నలకు 2 నిమిషాలు. నిక్కచ్చిగా నడిపితే అదీ పనిచేస్తుంది, కానీ ఆ రెండు నిమిషాల్లో ఒక ప్రశ్నకే సగం జవాబు వస్తుంది.

అదే సొసైటీ 1987 మార్చి 18న న్యూయార్క్ హిల్టన్ హోటల్లో వేరే పని చేసింది. అధిక ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్లు (కరెంటుని నష్టం లేకుండా పంపే పదార్థాలు) బయటపడి ఏడాది కూడా కాలేదు, ప్రతి ల్యాబూ ఏదో ఒకటి చెప్పాలని తహతహలాడుతోంది. నిర్వాహకులు మామూలు ప్రోగ్రామ్‌తో సరిపెట్టకుండా ప్రత్యేకంగా ఒక సాయంత్రం సెషన్ పెట్టి, 51 మందికి తలా కొద్ది నిమిషాలు ఇచ్చారు. రాత్రి ఏడున్నరకి మొదలైంది తెల్లవారుజామున మూడు దాటాక ముగిసింది. హాలు కిక్కిరిసిపోయి, లోపల చోటు దొరకనివాళ్లు బయట టీవీ తెరల మీద చూశారు. దాన్ని ఫిజిక్స్ వాళ్లు ఇప్పటికీ వాళ్ల వుడ్‌స్టాక్ (1969లో అమెరికాలో జరిగిన పేరుమోసిన సంగీతోత్సవం) అని చెప్పుకుంటారు. విషయాన్ని బట్టి తీరు మార్చడానికి ఒప్పుకున్న నిర్వాహకులు ఉండబట్టే ఆ రాత్రి సాధ్యమైంది.

3. మార్కుల ప్రకారం పంచకండి

పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఒక అలవాటు పాతుకుపోయింది. రివ్యూలో ఎక్కువ స్కోరు వస్తే వేదిక, తక్కువ వస్తే పోస్టర్ (పేపర్ సారాన్ని అట్ట మీద పెట్టి, దాని ముందు నిలబడి వివరించడం). దీంతో పోస్టర్ అంటే ఓదార్పు బహుమతి అనే భావన స్థిరపడింది. కానీ మంచి పేపర్ అన్నంత మాత్రాన మంచి ప్రసంగం అవ్వాలని లేదు. ఎనిమిది పేజీల ప్రూఫ్ (గణిత నిరూపణ) ఉన్న అద్భుతమైన పేపర్ని వేదిక మీద చెప్తే నలుగురికి అర్థమవుతుంది. ఆ నలుగురితో పోస్టర్ ముందు నిలబడి గంట మాట్లాడితే ఇంకో పేపర్ పుడుతుంది.

కాబట్టి సబ్మిషన్ ఫారంలోనే ఒక ప్రశ్న చేర్చండి: ‘మీ పని విన్నవాళ్లు హాల్లో ఏం చేయాలని మీరు కోరుకుంటున్నారు?’ కింద నాలుగు జవాబులు ఇవ్వండి: వాడి చూడాలి, వాదించాలి, వివరంగా ప్రశ్నించాలి, కొత్త దిశ ఒకటుందని తెలుసుకుంటే చాలు. రివ్యూ చేసేవాళ్లనీ ఇదే అడగండి. రచయిత ఒకటి, ఇద్దరు రివ్యూయర్లు ఇంకొకటి చెప్తే రివ్యూయర్ల మాట తీసుకోండి. తన పనిని అందరూ వినాలనే ప్రతి రచయితా అనుకుంటారు, అది సహజం.

జవాబుల్ని బట్టి పంపకం దాదాపు దానంతటదే తేలుతుంది. వాడి చూడాల్సింది డెమో టేబుల్‌కి. వివరంగా ప్రశ్నించాల్సింది పోస్టర్‌కి. కొత్త దిశ అయితే ఐదు నిమిషాల లైట్నింగ్ టాక్. ఇక వాదించాల్సినవి ఉన్నాయే, వాటిలోనే అసలు మజా. ఒకే సమస్య మీద వేరువేరు దారులు పట్టిన రెండు పేపర్లు ఉంటే వాటిని విడివిడి స్లాట్లలో పెట్టకండి. ఇద్దరికీ కలిపి 40 నిమిషాలివ్వండి. తలా పది నిమిషాలు చెప్పాక మిగతా ఇరవై ఒకరినొకరు ప్రశ్నించుకోవడానికి, ఆపైన హాలుకి. మొదట ఇద్దరూ మొహమాటపడతారు. మీరు ముందే ఇద్దరితో ఫోన్లో మాట్లాడి, ఎదుటివారిని అడగాల్సిన రెండేసి ప్రశ్నలు రాసుకుని రమ్మనండి.

20, 25 నిమిషాల పూర్తి ప్రసంగాలు రోజుకి ఐదారు మించకుండా, పక్కన ఏ సెషనూ లేని సమయంలో పెట్టండి. ప్రసంగం దక్కినవాళ్లకీ పోస్టర్ తప్పనిసరి చేయండి. దీంతో పోస్టర్ హాల్లో పెద్దవాళ్లు కూడా నిలబడతారు, చిన్నచూపు పోతుంది.

ఇంకో చిన్న విషయం, చాలామంది మర్చిపోతారు. కొందరికి ‘ఓరల్ ప్రెజెంటేషన్’ అని లెటర్లో ఉంటేనే వాళ్ల సంస్థ ప్రయాణానికి అనుమతి ఇస్తుంది. అందుకని అంగీకార పత్రాల్లో, సర్టిఫికెట్లలో అన్నిటికీ ఒకే మాట వాడండి: ‘కాన్ఫరెన్స్‌లో పేపర్ సమర్పించారు’. ఈ ఒక్క వాక్యం మార్చకపోతే మూడో మెట్టు దగ్గరే మీ ప్రయత్నం ఆగిపోతుంది. మాకు ఒకసారి ఆగింది.

4. చిన్న ప్రసంగాలకు గట్టి నియమాలు పెట్టండి

చిన్న ప్రసంగాల్లో రకాలు చాలానే ఉన్నాయి. లైట్నింగ్ టాక్ అనే పేరు 2000లో పెర్ల్ అనే కంప్యూటర్ భాష ప్రోగ్రామర్ల సమావేశం నుంచి ప్రచారంలోకి వచ్చింది, తలా ఐదు నిమిషాలు. 2003లో టోక్యోలో ఇద్దరు ఆర్కిటెక్టులు మొదలుపెట్టిన పెచకుచలో 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. 2006లో సియాటిల్‌లో మొదలైన ఇగ్నైట్‌లో అవే 20 స్లైడ్లు 15 సెకన్ల చొప్పున. 2008లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ మొదలుపెట్టిన త్రీ మినిట్ థీసిస్‌లో మూడు నిమిషాలు, ఒకే ఒక్క స్లైడు.

వీటిలో స్లైడ్లు వాటంతటవే జరిగిపోయే పద్ధతులు టెక్నికల్ విషయాలకు నప్పవని నా అభిప్రాయం. గ్రాఫ్ ఉన్న స్లైడుకి 40 సెకన్లు కావాలి, బొమ్మ ఉన్నదానికి ఐదు చాలు. అన్నిటికీ 20 అంటే వక్త స్లైడు వెంట పరిగెత్తుతారు. ఒకే స్లైడు నియమమే మనకి బాగా పనికొస్తుంది. ఏది వదిలేయాలో వక్త ముందే తేల్చుకుని రావాల్సి వస్తుంది.

పోస్టర్లకు ముందు ‘ఒక నిమిషం’ సెషన్ పెట్టండి. కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ల సిగ్‌గ్రాఫ్‌లో టెక్నికల్ పేపర్స్ ఫాస్ట్ ఫార్వర్డ్ అని ఉంటుంది. రచయితలు వరసగా, నిమిషం లోపే తమ పేపర్ గురించి ఊరించి ముగిస్తారు. జనం దానికి ఎగబడి వస్తారు. 600 పేపర్లకూ ఒకేసారి అంటే పది గంటలు పడుతుంది కాబట్టి ట్రాక్ వారీగా విడగొట్టండి. ఒక్కో పోస్టర్ సెషన్‌కి ముందు నలభై మందికి మించకుండా చూసుకోండి.

నడిపించే విధానం ఇలా. అందరి స్లైడ్లూ ముందురోజు సాయంత్రానికల్లా తెప్పించి మీరే ఒకే పీడీఎఫ్‌గా కలపండి. వీడియోలు, యానిమేషన్లు వద్దు. వక్తలు వరస ప్రకారం వేదిక పక్కన క్యూ కట్టాలి, ఒకరు మాట్లాడుతుంటే తర్వాతి ఇద్దరు మెట్ల మీద సిద్ధంగా ఉండాలి. స్లైడు మార్చేది వలంటీర్. 60 సెకన్లు కాగానే తర్వాతి స్లైడు వచ్చేస్తుంది, హాలంతా చప్పట్లు కొడుతుంది. చప్పట్ల మీద మాట్లాడటం ఎవరి తరమూ కాదు. చైర్ ఎవరినీ కసురుకోనక్కర్లేదు, వక్తకీ అవమానంగా ఉండదు.

5. పూర్తి ప్రసంగం చేసేవాళ్లకు ముందే ఉత్తరం రాయండి

ఇక్కడ నిర్వాహకులు సాధారణంగా పంపేది స్లైడ్ టెంప్లేట్. లోగో ఏ మూలన ఉండాలో అందులో ఉంటుంది. దానికి బదులు ఒక పేజీ ఉత్తరం పంపండి. నేను పంపే ఉత్తరంలో ఉండేవి ఇవి:

మొదటి నిమిషంలోనే ఫలితం చెప్పేయండి. సస్పెన్స్ అక్కర్లేదు. విషయసూచిక స్లైడు తీసేయండి. స్లైడు శీర్షికగా ‘ఫలితాలు’ అని రాయకండి, ‘క్యాష్ మెమరీ పరిమాణం రెట్టింపు చేసినా వేగం పెరగలేదు’ అన్నట్టు పూర్తి వాక్యం రాయండి. కునుకు తీసి లేచినవాళ్లు కూడా అది చూసి కథ అందుకోగలగాలి. పేపర్లోని టేబుల్‌ని అలాగే అతికించకండి. 48 అంకెల్లో మీరు చెప్పదలచుకున్న రెండింటినే పెద్దగా రాయండి. కోడ్ చూపిస్తే పది లైన్లు మించొద్దు. ఎరుపు, ఆకుపచ్చ గీతల తేడా మీదే గ్రాఫ్ నడపకండి. యూరప్ మూలాలున్న మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి ఆ రెండు రంగులూ విడిగా గుర్తుపట్టడం కష్టం. గీతల మీదే పేర్లు రాస్తే ఈ తలనొప్పే ఉండదు. అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. వెబ్ పేజీల అందుబాటు ప్రమాణాల్లో మామూలు సైజు అక్షరాలకు పెట్టిన హద్దు అదే. వెలుగు ఎక్కువున్న హాల్లో ఇంకా ఎక్కువే ఉండటం మంచిది. లేత బూడిద రంగు అక్షరాలు మీ ల్యాప్‌టాప్‌లో అందంగా ఉంటాయి, ప్రొజెక్టర్‌లో మాయమైపోతాయి.

స్లైడు కుదింపు ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా స్పేస్ షటిల్ కూలిపోయి ఏడుగురు చనిపోయారు. ఆ ప్రమాదంపై వేసిన దర్యాప్తు బోర్డు తన నివేదికలో, నాసాలో సాంకేతిక పత్రాల స్థానంలో పవర్‌పాయింట్ స్లైడ్లు వాడే అలవాటు పాతుకుపోవడాన్ని ప్రత్యేకంగా తప్పుపట్టింది. కీలకమైన సంగతి ఒక స్లైడులో, అంచెలంచెల బుల్లెట్ల అట్టడుగున ఉండిపోయింది. మన కాన్ఫరెన్స్‌లో ప్రాణాలు పోవు, నిజమే. కానీ అసలు మాట నాలుగో అంచె బుల్లెట్‌లో దాక్కునే స్లైడ్లు రోజుకి వంద చూస్తుంటాం.

ఉత్తరంతో పాటు ఒక తోడుని కూడా ఇవ్వండి. పది రోజుల ముందు వీడియో కాల్‌లో వక్త తన మొదటి మూడు నిమిషాలు వేరే సబ్‌ఫీల్డ్ మనిషి ఒకరికి చెప్పాలి. విన్న మనిషి తనకేం అర్థమైందో రెండు వాక్యాల్లో తిరిగి చెప్పాలి. అంతే. సలహాలు అక్కర్లేదు. తన మాటలు ఎదుటివారి నోట ఎలా వంకరపోయాయో విన్నాక వక్తే వెళ్లి సరిచేసుకుంటారు.

హాల్లో అందరికీ ఒకటే కంప్యూటర్ పెట్టండి. స్లైడ్లన్నీ అందులో ముందే ఎక్కించాలి. వక్తకి ఎదురుగా, శ్రోతలకి కనపడనట్టు పెద్ద టైమర్ ఉండాలి. ఒక నిమిషం మిగిలుండగా చైర్ లేచి నిలబడాలి. సున్నా వచ్చాక చైర్ నడిచి వెళ్లి వక్త పక్కన నిలబడాలి. అట్టలు ఎత్తే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. మాటల్లో పడ్డ మనిషికి అట్ట కనపడదు, కనపడినా చూడనట్టే ఉంటారు.

6. ప్రశ్నల సమయాన్ని ఎవరూ ముట్టుకోకూడదు

25 నిమిషాల స్లాట్‌లో 15 ప్రసంగానికి, 10 ప్రశ్నలకి. వక్త 18 నిమిషాలు మాట్లాడి ప్రశ్నలకు 7 మిగిల్చే అవకాశం ఇవ్వకండి. ఈ మెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మిగతావన్నీ చేసినది ఈ పది నిమిషాల కోసమే.

ప్రసంగం అవ్వగానే ‘ఎనీ క్వశ్చన్స్?’ అని అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు. ఓ పది సెకన్ల నిశ్శబ్దం. తర్వాత ముందు వరసలోని పెద్దమనిషి మైకు అందుకుని, "ఇది ప్రశ్న కాదు, ఒక కామెంట్" అని మొదలుపెడతారు. నాలుగు నిమిషాల తర్వాత కూడా అది ప్రశ్న అవ్వదు. వెనక కూర్చున్న విద్యార్థి దగ్గర మంచి ప్రశ్నే ఉంటుంది. చెయ్యి సగం లేచి మళ్లీ దిగిపోతుంది.

నిశ్శబ్దానికి కారణం జనానికి ప్రశ్నల్లేక కాదు, ఆలోచన కుదురుకోవడానికి సమయం లేక. కాబట్టి ప్రసంగం కాగానే 60 సెకన్లు పక్కవాళ్లతో మాట్లాడుకోమనండి. ‘మీకు అర్థం కాని ఒక్క విషయం పక్కవారికి చెప్పండి.’ హాలు ఒక్కసారిగా గలగలమంటుంది. నిమిషం తర్వాత మైకు ఇస్తే చేతులు లేస్తాయి. ఎందుకంటే తన సందేహం పక్కవారికీ ఉందని అప్పటికే తెలిసిపోయింది, పరువు పోతుందనే భయం లేదు. ఇంత సులువైన మార్పుకి ఇంత ఫలితం నేను ఇంకెక్కడా చూడలేదు.

మొదటి ప్రశ్న ఎవరికిస్తారనేది కూడా చిన్న విషయం కాదు. 2018లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 10 దేశాల్లో దాదాపు 250 సెమినార్లను గమనించింది. మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగిన చోట, ఆ తర్వాత ఆడవాళ్లు అడిగే ప్రశ్నల వాటా తగ్గినట్టు తేలింది. ప్రశ్నలకు ఎక్కువ సమయం ఉన్నప్పుడు ఆ తేడా తగ్గిందనీ కనిపించింది. చైర్ చేయాల్సిందల్లా మొదట లేచిన చేతికే మైకు ఇవ్వకుండా, మూడు సెకన్లు ఆగి హాలంతా చూసి, వెనక వరసల్లోంచి ఎవరినైనా ఎంచుకోవడం. పెద్దవాళ్లకి చివర్లో ఎలాగూ అవకాశం వస్తుంది.

ఫోన్లో ప్రశ్నలు రాసి, నచ్చినవాటికి ఓట్లు వేసే యాప్‌లు పెద్ద హాళ్లలో పనికొస్తాయి. మైకు దగ్గర నిలబడలేనివాళ్లకి అది వరమే. అయితే ఆ జాబితా అడుగు నుంచి కూడా చైర్ ఒకటి రెండు ప్రశ్నలు ఏరాలి. ఓట్లు ఎక్కువ వచ్చేవి చాలాసార్లు జోకులు, లేదా మొదటి నిమిషంలో రాసినవి. ఆలస్యంగా వచ్చిన పదునైన ప్రశ్న అడుగున ఉండిపోతుంది.

ఇంకా ముందుకి వెళ్లగలిగితే, ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ వాళ్ల పద్ధతి చూడండి. అక్కడ చర్చించాల్సిన డ్రాఫ్టులు ముందే బయట పెడతారు, సమావేశానికి రెండు వారాల ముందే కొత్తవి తీసుకోవడం ఆపేస్తారు. గదిలోకి వచ్చినవాళ్లు చదివే వచ్చారనే లెక్కలో మాట మొదలవుతుంది. స్లైడ్లు కొద్దిగా ఉంటాయి, మైకు ముందు క్యూ పొడుగ్గా ఉంటుంది. రిసెర్చ్ కాన్ఫరెన్స్‌లో అందరూ చదివి రారు, ఆ ఆశ పెట్టుకోకండి. కానీ రోజుకి ఒక్క సెషన్ ఇలా పెట్టొచ్చు: మూడు పేపర్లు ముందే ప్రకటించి, చదివినవాళ్లే రండి అనండి. ముప్ఫై మంది వస్తే చాలు.

7. పోస్టర్ హాలుని మళ్లీ కట్టండి

అంతర్జాతీయ సమావేశాల్లో పోస్టర్లు 1969లో మాడ్రిడ్‌లో జరిగిన యూరప్ బయోకెమిస్టుల సమావేశం నాటినుంచి ఉన్నాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా మారనిది ఒకటుంది: పేపర్ మొత్తాన్ని చిన్న అక్షరాల్లో ఒక అట్ట మీద కుక్కడం. ఏ0 సైజు అంటే 841×1189 మిల్లీమీటర్లు. అంత చోటు ఉండీ రెండు మీటర్ల దూరం నుంచి చదవగలిగేది పేరొక్కటే.

2019లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్న మైక్ మారిసన్ ఒక వీడియోలో వేరే నమూనా చూపించారు. పోస్టర్ మధ్యలో, సగానికి పైగా చోటులో, కనుగొన్నది ఏమిటో మామూలు భాషలో ఒకే వాక్యం. పక్కన సన్నటి పట్టీలో వివరాలు. కింద క్యూఆర్ కోడ్, దానితో మొత్తం పేపర్. అది క్షణాల్లో ప్రపంచమంతా పాకింది. విమర్శలూ వచ్చాయి. ఆ ఒక్క వాక్యం చుట్టూ బొమ్మ లేకపోతే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదన్నారు, అది నిజమే. నా సలహా మధ్యేమార్గం: పైన మూడో వంతులో వాక్యం, మధ్యలో ఒకే పెద్ద బొమ్మ, మిగతాది క్యూఆర్ కోడ్‌కి. పోస్టర్‌కి రాసే నియమాల్లో ‘మొత్తం 250 పదాలు మించకూడదు’ అని పెట్టండి.

పోస్టర్ కన్నా హాలే ఎక్కువ చెడగొడుతుంది. 90 మంది రచయితలు, 90 నిమిషాలు, అందరూ ఒకేసారి. ఏమవుతుంది? ప్రతి రచయితా తన అట్టకి అతుక్కుని ఉంటారు, పక్క పోస్టర్ చూడటానికి వీలుండదు. నిజానికి ఆ విషయం మీద హాల్లో అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆ పక్కవారికే. సగం సమయం సరిసంఖ్యలవాళ్లు నిలబడాలి, సగం బేసిసంఖ్యలవాళ్లు. ఒకే అంశం పోస్టర్లు పక్కపక్కన ఉండాలి. అట్టల వరసల మధ్య కనీసం మూడు మీటర్లు వదలండి, లేకపోతే ఒక పోస్టర్ దగ్గర గుంపు కూడితే దారి మూసుకుపోతుంది. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకి ఆ దారి తప్పదు. పోస్టర్ సెషన్ జరిగే సమయంలో వేరే ఏ కార్యక్రమమూ పెట్టకండి. టీ, కాఫీ టేబుళ్లు హాలు లోపలే, చివరి గోడ దగ్గర ఉంచండి. తాగడానికి వచ్చినవాళ్లు పోస్టర్లు దాటుకుని రావాలి.

పోస్టర్ల మధ్య సన్నిహితంగా మాట్లాడుకోవడం కష్టం, రొద ఎక్కువ. కార్పెట్ ఉన్న హాలు దొరికితే తీసుకోండి.

8. డెమోకి రెండో దారి ఉంచండి

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కంప్యూటర్ కాన్ఫరెన్స్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 90 నిమిషాల పాటు, సుమారు వెయ్యి మంది ముందు, మౌస్, హైపర్‌టెక్స్ట్, వీడియో కాన్ఫరెన్సింగ్ పనిచేయించి చూపించారు. కంప్యూటర్ వేదిక మీద లేదు, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో మెన్లో పార్క్ ల్యాబులో ఉంది. మైక్రోవేవ్ లింకులతో కలిపారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దాని గురించి రాసిన పేపర్ ఒక్కటే చదివి ఉంటే అంతమంది నమ్మేవారా అనేది అనుమానమే.

డెమో చేసేవాళ్లకి హాలు వైఫై మీద ఆధారపడొద్దని చెప్పండి. విడిగా ఒక కేబుల్ కనెక్షన్ ఇవ్వండి. డెమో మొత్తం రికార్డు చేసిన వీడియో కంప్యూటర్లో సిద్ధంగా ఉండాలి. 30 సెకన్లలో పని చేయకపోతే నిర్మొహమాటంగా వీడియోకి మారిపోవాలి. ‘నిన్న రాత్రి బానే పనిచేసింది’ అనే మాట ఎవరికీ ఉపయోగం లేదు.

9. దూరం నుంచి మాట్లాడేవాళ్లు

ప్రసంగం రికార్డు చేసి పంపమనండి, ప్రశ్నలకు మాత్రం లైవ్‌లో రమ్మనండి. దూరం నుంచి వినేవాళ్ల తరఫున కూడా హాల్లో ఒక వలంటీర్ ఉండాలి. ఆన్‌లైన్ ప్రశ్నని వలంటీర్ మైకు దగ్గర క్యూలో నిలబడి, వంతు వచ్చాక చదవాలి. అలా కాక చివర్లో చూద్దామంటే ఆ చివర ఎప్పటికీ రాదు.

10. ఒక్క ట్రాక్‌తో మొదలుపెట్టి, కొలవండి

ఇవన్నీ ఒకే ఏడాది మొత్తం కాన్ఫరెన్స్ మీద రుద్దకండి. ఒప్పుకునే ట్రాక్ చైర్ ఒకరిని పట్టుకుని, అక్కడ చేసి చూడండి. మిగతా ట్రాకులు పాత పద్ధతిలో నడుస్తాయి కాబట్టి పోల్చడానికి వీలవుతుంది.

కాన్ఫరెన్స్ ఆఖరి రోజు పంచే ఫీడ్‌బ్యాక్ ఫారం వల్ల తెలిసేది భోజనం, ఏసీల గురించే. దానికి బదులు పది రోజులు ఆగి, రెండే ప్రశ్నలున్న మెయిల్ పంపండి: ‘మీరు విన్నవాటిలో ఇప్పటికీ గుర్తున్నది ఒకటి రాయండి. అక్కడ కలిసిన ఎవరితోనైనా ఆ తర్వాత మళ్లీ మాట్లాడారా?’ కొత్త ట్రాక్ వాళ్ల జవాబులు, పాత ట్రాక్ వాళ్ల జవాబులు విడివిడిగా పెట్టండి. హాల్లో మాత్రం ప్రతి సెషన్‌లో ఒక వలంటీర్ రెండు అంకెలు రాసుకుంటే చాలు: ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎంతమంది వేరువేరు మనుషులు అడిగారు. మొదటి అంకె పెరిగి రెండోది పెరగలేదంటే, ముందు వరసలోని పెద్దమనిషికే ఇంకా ఎక్కువ సమయం ఇచ్చారన్నమాట. అప్పుడు ఆరో మెట్టు మళ్లీ చూడాలి.

వీటితో పాటు మొదటి మెట్టులో స్టాప్‌వాచ్‌తో రాసిన మూడు కాగితాలూ, ఈ ఏడాది కొత్త ట్రాక్ వీడియోలు చూసి అదే పద్ధతిలో రాసిన ఇంకో మూడూ ఒక ఫోల్డర్లో పెట్టి వచ్చే ఏడాది కమిటీకి ఇవ్వండి. కమిటీలో మనుషులు ఏటా మారుతుంటారు. ఫోల్డర్ లేకపోతే వాళ్లు మళ్లీ 600 పేపర్లని 15 నిమిషాలతో గుణించడం దగ్గర మొదలుపెడతారు.